పాపకు ఏడీహెచ్‌డీ అన్నారు. ఎవరిని అడగాలి, ఏది నమ్మాలి?

ఇద్దరు పిల్లల నాన్న:

అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్లు. ఈమధ్యే పిల్లల మానసిక వైద్యురాలు పరీక్షించి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలపడం, కుదురుగా ఉండటం కష్టమయ్యే స్థితి) అని, అందులోనూ ఏకాగ్రత లోపం ప్రధానంగా ఉన్న రకమని చెప్పారు. మా పాప గెంతదు, అల్లరి చేయదు, తరగతిలో ఎవరినీ ఇబ్బంది పెట్టదు. అందుకే ఇన్నేళ్లూ ఎవరికీ అనుమానం రాలేదు. ప్రతి ప్రోగ్రెస్ రిపోర్టులోనూ "తెలివైనదే, కాస్త శ్రద్ధ పెడితే చాలు" అనే రాసేవారు.

ఇంట్లో ఎలా ఉంటుందో ఒక్కటి చెబుతాను. ఉదయం బడికి బయలుదేరేటప్పుడు సాక్సులు వేసుకోమంటాం. ఒకటి వేసుకుంటుంది. రెండోదాన్ని చేతిలో పట్టుకుని, అంచున ఊడిన దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంటుంది. బయట బస్సు హారన్ మోగుతున్నా చూపు ఆ దారం మీదే. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడి "ఏమిటి నాన్నా?" అంటుంది. నటన కాదు, నిజంగానే వినిపించదు. ఈలోపు వాళ్లమ్మ గొంతు పెరుగుతుంది, పాప ఏడుస్తుంది, ఏడుస్తూనే బస్సెక్కుతుంది. ఆ తర్వాత ఇంట్లో మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేం.

డాక్టరుగారు ఓపికగానే మాట్లాడారు. కానీ ఆ కాస్త సమయంలో అన్నీ అడగలేకపోయాం. ఇంటికొచ్చి ఇంటర్నెట్‌లో చూస్తే ఒకరు మందు తప్పనిసరి అంటారు, ఒకరు మందు విషం అంటారు, మరొకరు ఆహారం మారిస్తే మాయమైపోతుందంటారు. బంధువులు "ఇది బద్ధకం, మీరు ఫోను ఇచ్చి పాడుచేశారు" అంటున్నారు. మా పెద్దవాడికి పన్నెండేళ్లు. మొన్న వాడు మెల్లగా నా పక్కన చేరి, "నేను కూడా సాక్సులు వేసుకోకపోతే నా దగ్గర కూర్చుంటారా?" అని అడిగాడు. నాకు జవాబు తోచలేదు.

ఇప్పుడు మాకు తెలియనిది ఇదీ: ఎవరిని అడగాలి? చదివినవాటిలో ఏది నిజమో ఎలా పోల్చుకోవాలి? బడిలో ఎంతవరకు చెప్పాలి? ఇలాంటి పిల్లలున్న మరో కుటుంబాన్ని ఎక్కడ కలవాలి? ఇప్పటిదాకా ఈ సంగతి పైకి మాట్లాడుకునే మనుషులే మాకు లేరు.


పదిహేడేళ్లవాడి అమ్మ:

నాన్నగారూ, మా అబ్బాయికి ఎనిమిదేళ్లప్పుడు ఏడీహెచ్‌డీ అని తేలింది. ఇప్పుడు పదిహేడు, నాకంటే పొడుగు. ఈ మధ్యకాలంలో చాలా కుటుంబాలతో కలిసి కూర్చున్నాను. కొత్తగా తెలిసిన తల్లిదండ్రులకు తోడుగా ఉంటున్నాను. ఆ చనువుతో కొంచెం గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకండి.

ముందు అన్నీ చదివేయాలన్న ఆత్రం పక్కన పెట్టండి. అర్ధరాత్రి ఫోనులో చదివింది ఉదయం బస్సు వేళకు పనికిరాదు. రోజులో ఏ వేళ మీ ఇంట్లో అందరినీ నలిపేస్తోందో గుర్తించండి. మీరే రాశారు: ఉదయం, బయలుదేరే ముందు. అయితే ఆ ఒక్క వేళకు సాయం వెతకండి. "ఏడీహెచ్‌డీకి ఏం చేయాలి" అని అడిగితే వెయ్యి జవాబులొస్తాయి. "తొమ్మిదేళ్ల పాపను ఉదయం అరుపుల్లేకుండా ఎలా బయలుదేరదీయాలి" అని డాక్టరుగారిని, కౌన్సెలరును, ఇలాంటి పిల్లలున్న అమ్మానాన్నలను అడిగి చూడండి. నాలుగే వస్తాయి, నాలుగూ పనికొస్తాయి. అది కుదుటపడ్డాక తర్వాతి వేళ సంగతి చూడవచ్చు. నేను కలిసిన కుటుంబాల్లో నిలదొక్కుకున్నవాళ్లందరూ ఇలా ఒక్కో వేళనే పట్టుకుని నడిచారు.

మా ఇంట్లో ఆ వేళ సాయంత్రం, హోంవర్కు. లెక్కల పేజీ చూడగానే వాడు కుర్చీలోంచి జారిపోయేవాడు. ఇలాంటి పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే ఆమె నేర్పిన పద్ధతి చెబుతాను. పేజీని అడ్డంగా మడిచి రెండే లెక్కలు కనిపించేలా ఉంచడం. ఆ రెండూ అవగానే, "మొదలుపెట్టమనగానే మొదలుపెట్టావు, బాగుంది" అని అప్పటికప్పుడు అనడం. తర్వాత లేచి గోడకు బంతి కొడుతూ ఎక్కాలు చెప్పనివ్వడం. మళ్లీ మడత విప్పి ఇంకో రెండు. ముళ్లు కదిలే పెద్ద గడియారం ఎదురుగా పెట్టుకున్నాం, ఎందుకంటే "ఇంకా పది నిమిషాలు" అన్న మాటకు వాడి మనసులో కొలత లేదు. ముల్లు జరగడం కంటికి కనిపిస్తే తెలిసేది.

ఈ శిక్షణ గురించి మీ డాక్టరుగారిని తప్పకుండా అడగండి. పేరెంట్ ట్రైనింగ్ అంటారు. "మా పెంపకంలో లోపముందనా?" అని చాలామంది నొచ్చుకుంటారు. అలా కాదు. మామూలు పిల్లలకు సరిపోయే పద్ధతులు ఈ పిల్లలకు సరిపోవు, కాబట్టి మనం కొత్తవి నేర్చుకోవాలి, అంతే. దూరం నుంచి కేకేయకుండా దగ్గరికి వెళ్లి, భుజం మీద చెయ్యి వేసి, కళ్లలోకి చూసి, ఒక్క పని చెప్పి ఆగడం. మెచ్చుకోలు వెంటనే ఇవ్వడం, దేనికో విడమరచి చెప్పడం. వారాంతంలో ఇస్తామన్న బహుమతి ఈ పిల్లలను కదిలించదు, ఇప్పటి చిన్న బహుమతి కదిలిస్తుంది. మీ పాపకైతే రాత్రే బట్టలన్నీ వేసుకునే వరుసలో నేల మీద పరిచి ఉంచండి. తయారయ్యే చోట బొమ్మలు, పుస్తకాలు లేకుండా చూడండి. అంచున దారం ఊడిన సాక్సులు తీసేయండి. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ దృష్టిని లాగేదాన్ని తొలగించడం, దృష్టి పెట్టమని పదిసార్లు చెప్పడం కంటే తేలిక.

తొమ్మిదేళ్ల పిల్లకు ఇంత చేయాలా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు పిల్లల మెదడు స్కాన్లను ఏళ్ల తరబడి పోల్చి చూశారు. మెదడు పైపొర తన గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సగటున ఏడున్నరేళ్లయితే, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో పదిన్నర. క్రమం అదే, కానీ ఆలస్యంగా. శ్రద్ధకు, ప్రణాళికకు సంబంధించిన ముందు భాగంలో ఆ ఆలస్యం మరీ స్పష్టం. ఇది తెలివితేటల సంగతి కాదు, తనను తాను నడిపించుకునే శక్తి సంగతి. అందుకే పాపకు వయసుకు తగ్గ పాఠాలు చెబుతూనే, ఉదయం సాయం మాత్రం అంతకంటే చిన్న పిల్లకు చేసినట్టు చేయాలి.

ఇక ఏది నమ్మాలన్న ప్రశ్న. 2021లో ప్రపంచ ఏడీహెచ్‌డీ సమాఖ్య ఆధ్వర్యంలో అనేక దేశాల పరిశోధకులు, గట్టి ఆధారాలున్న 208 విషయాలను ఒకచోట చేర్చి ప్రచురించారు. ఎవరైనా కొత్త మాట చెబితే ముందు దానితో సరిపోల్చి చూస్తాను. అమెరికాలో 1987లో తల్లిదండ్రులు, నిపుణులు కలిసి మొదలుపెట్టిన చాడ్ అనే సంస్థ రాసేవి కూడా మామూలు మనుషులకు అర్థమయ్యేలా ఉంటాయి. వీడియోల విషయంలో జాగ్రత్త. 2022లో కెనడా పరిశోధకులు టిక్‌టాక్‌లో బాగా ఆదరణ పొందిన 100 ఏడీహెచ్‌డీ వీడియోలను పరిశీలిస్తే అందులో 52 తప్పుదోవ పట్టించేవేనని తేలింది. చక్కెర మానేస్తే తగ్గిపోతుందని మీకు ఎవరో చెప్పే ఉంటారు. 1995లో అప్పటికి జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారుతుందన్నది నిలబడలేదు. పూర్తిగా నయం చేస్తామనేవాళ్లను, తాము అమ్మేదే మందు అనేవాళ్లను, పిల్లల వయసు కూడా అడగకుండా సలహా ఇచ్చేవాళ్లను నేను వెంటనే వదిలేస్తాను.

నిర్ధారణ ఎలా చేశారన్నది కూడా ఒకసారి సరిచూసుకోండి. దీనికి రక్తపరీక్ష లేదు, స్కాన్ లేదు. మానసిక వైద్యులు వాడే ప్రమాణాల ప్రకారం మీ పాప వయసు పిల్లలకు ఏకాగ్రతకు సంబంధించిన తొమ్మిది లక్షణాల్లో కనీసం ఆరు, ఆరు నెలలుగా ఉండాలి. పన్నెండేళ్లలోపే కొన్ని కనిపించి ఉండాలి. ఇంట్లో ఒక్కచోటే కాక బడిలోనో మరోచోటో కూడా కనిపించాలి. అందుకే టీచరు మాట కూడా ముఖ్యం. చూపు, వినికిడి, నిద్ర బాగున్నాయా, చదవడంలో రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉందా అన్నవి చూశారో లేదో అడగండి. చాలామంది పిల్లల్లో ఏడీహెచ్‌డీతోపాటు మరొకటి కూడా ఉంటుంది, అది మరుగున పడిపోతుంది.

కుటుంబాలను ఎక్కడ కలవాలన్నారు. డాక్టరుగారినే అడగండి: "మీ దగ్గరికి వచ్చే మరో కుటుంబం ఒప్పుకుంటే మా నంబరు వాళ్లకు ఇస్తారా?" అని. వాళ్ల వివరాలు మీకివ్వడం వైద్యులకు కుదరదు, కానీ మీవి వాళ్లకు చేర్చవచ్చు. నా మొదటి స్నేహితురాలు నాకు అలాగే దొరికింది. పేరెంట్ ట్రైనింగ్ తరగతుల్లో మరికొందరు కలుస్తారు. ఏ బృందంలో చేరినా మొదట ఊరికే వినండి. పిల్లల ఫొటోలు పెట్టుకునే చోట, మందుల మోతాదులు ఒకరికొకరు చెప్పుకునే చోట ఉండకండి.

ఇంకొక్క మాట. మీ ఆవిడ అలసట గురించి మీరు పెద్దగా రాయలేదు, కానీ అక్షరాల మధ్య కనిపిస్తోంది. ఉదయం పూట ఇద్దరూ పాప మీద పడకండి. ఒకరోజు మీరు, ఒకరోజు ఆమె. పాపతో లేనివారు ఆ వేళ గదిలో ఉండకపోవడమే మంచిది. పైగా ఏడీహెచ్‌డీ వంశంలో నడిచే స్థితి. కవలల మీద జరిగిన పరిశోధనల్లో జన్యువుల వాటా 74 శాతం దాకా కనిపించింది. అంటే వంద మందిలో 74 మందికి వస్తుందని కాదు. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో అంత భాగం జన్యువుల వల్లనని అర్థం. మీలో ఎవరికైనా చిన్నప్పటి నుంచీ ఇలాంటి ఇబ్బందులుంటే మీరూ చూపించుకోండి. మా ఇంట్లో పిల్లవాడి తర్వాత మావారికి కూడా తేలింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకరినొకరు నిందించుకోవడం చాలావరకు తగ్గింది.


నాలుగో తరగతి టీచరు:

పై అమ్మగారు చెప్పినవాటికి బడి వైపు నుంచి కొంచెం కలుపుతాను.

నిశ్శబ్దంగా ఉండే పిల్లలు మా కంటికి ఆనరు. ఇది తరగతుల్లో నిజంగా జరుగుతున్నదే. కానీ నోటుపుస్తకం చెబుతుంది. ఇలాంటి పాప పుస్తకం ఒకటి నా దగ్గర ఉండేది. బోర్డు మీది పాఠంలో మొదటి మూడు వాక్యాలు ముత్యాల్లా ఉంటాయి, నాలుగోది సగంలో ఆగుతుంది, ఆ సగం పక్కన పిల్లి బొమ్మ. పిల్లి మీసాలు కూడా లెక్కగా వేసి ఉంటాయి. రాయడం రాని పిల్ల కాదు, బద్ధకమూ కాదు. బోర్డుకూ పుస్తకానికీ మధ్య తల ఎత్తి దించేలోపు దారి తప్పుతోంది.

బడికి వైద్య నివేదిక మొత్తం ఇవ్వాల్సిన పనిలేదు. ఒక్క కాగితం మీద మూడు సంగతులు రాసి క్లాస్ టీచరుకు ఇవ్వండి: పాపకు ఏది బాగా వస్తుంది, ఏది కష్టం, ఇంట్లో ఏం చేస్తే పనిచేస్తోంది. మొదటిది మానకండి. ఆ పాప గురించి టీచరు చదివే మొదటి వాక్యం ఫిర్యాదు కాకూడదు.

తర్వాత పేరుపెట్టి అడగండి. "కాస్త ప్రత్యేకంగా చూడండి" అంటే మాకు ఏం చేయాలో తెలియదు. "కిటికీకి, తలుపుకు దూరంగా, మీకు దగ్గరగా కూర్చోబెట్టండి" అంటే ఆ రోజే చేస్తాం. పని ఇచ్చిన వెంటనే ఒకసారి బల్ల దగ్గరికి వచ్చి మొదలుపెట్టిందో లేదో చూడమనండి. బల్ల మీద వేలితో మెల్లగా తట్టడం లాంటి సైగ ఒకటి టీచరు, పాప ముందే అనుకుంటే తరగతి ఎదుట పేరు పిలవాల్సిన అవసరం ఉండదు. పాఠం అచ్చుకాగితం ఇవ్వడం, పరీక్షలో కొంత అదనపు సమయం కూడా అడగవచ్చు. పని పూర్తికాలేదని ఆటల పీరియడ్ తీసేయవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ఈ పిల్లలకు ఆ కదలిక అందరికంటే ఎక్కువ అవసరం.

నాకు బాగా పనికొచ్చింది రోజూ ఇంటికి వెళ్లే చిన్న కార్డు. దాని మీద రెండు మూడు లక్ష్యాలు మాత్రమే. "చెప్పగానే పుస్తకం తీసింది", "తెలుగు రాతపని ముగించింది" లాంటివి. నేను టిక్కు పెడతాను, ఇంట్లో అదే సాయంత్రం చిన్న బహుమతి. పాప సులువుగా గెలిచే లక్ష్యాలతో మొదలుపెట్టాలి. మొదటి వారమే ఓడిపోతే కార్డు బ్యాగులో అడుగున ఉండిపోతుంది.


ఒక తాతయ్య:

నేను అడిగేది తప్పయితే క్షమించండి. మా మనవడికి ఐదేళ్లు, ఒక్కచోట నిలవడు. డాక్టరుకు చూపిద్దామని మా కోడలు, ఇప్పుడే వద్దని నేను. చిన్న పిల్లవాడికి మందులు అలవాటైపోతాయేమోనని నా భయం. మా చిన్నతనంలో ఇలాంటి జబ్బు పేరే వినలేదు. పిల్లలన్నాక పరుగెత్తరా?


పదిహేడేళ్లవాడి అమ్మ:

తాతయ్యగారూ, మీరు అడగడమే మంచిదైంది. మనవడి మీద ప్రేమ లేకపోతే ఈ భయమూ ఉండదు.

మీ చిన్నతనంలో పేరు లేదు, పిల్లలు ఉన్నారు. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, దేని మీదా ధ్యాస నిలవని పిల్లల గురించి రాశారు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి పిల్లల మీద ఉపన్యాసాలిచ్చారు. ఏడీహెచ్‌డీ అన్న పేరు 1987లో వచ్చింది. అప్పట్లో ఈ పిల్లలు మొద్దులని, పోకిరీలని పేరుపడి చదువు మానేసేవారు. అలాంటివారు మీకూ ఒకరిద్దరు గుర్తుండే ఉంటారు.

పిల్లలు పరుగెత్తుతారు, నిజమే. ఐదేళ్ల పిల్లవాడు నిలవకపోతే అదంతా ఏడీహెచ్‌డీ కాదు. ఆ తేడా చూసేందుకే డాక్టరు. అక్కడికి తీసుకెళ్లినంత మాత్రాన మందు మొదలుపెట్టినట్టు కాదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019 మార్గదర్శకాల్లో ఆరేళ్లలోపు పిల్లలకు మొదటి చికిత్సగా చెప్పింది తల్లిదండ్రులకు శిక్షణనే. ఆ తరగతులకు మీరూ వెళ్లండి, రోజంతా మనవడితో ఉండేది మీరే కదా.

ఆరు దాటిన పిల్లలకు శిక్షణతోపాటు మందు కూడా సూచిస్తారు. ఎక్కువగా వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను మొదట తయారుచేసింది 1944లో. కొత్త ప్రయోగమేమీ కాదు. ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం మామూలుగా కనిపించే ఇబ్బందులు. అందుకే బరువు, ఎత్తు, నాడి, రక్తపోటు చూస్తూ ఉంటారు. కుటుంబంలో గుండె జబ్బులుంటే ముందే చెప్పాలి. డాక్టరు పర్యవేక్షణలో ఈ మందులు వాడిన పిల్లలు పెద్దయ్యాక వ్యసనాల పాలవడం ఎక్కువైనట్టు పరిశోధనల్లో కనిపించలేదు. మా అబ్బాయి వాడుతున్నాడు. వాడకుండానే శిక్షణతో, బడి సాయంతో నడుస్తున్న పిల్లలూ నాకు తెలుసు. మందు వాడాలా వద్దా అన్నది ఆ పిల్లవాడిని చూసి తేల్చాల్సిందే, మనం ఇక్కడ కూర్చుని తేల్చేది కాదు.


పెద్దయ్యాక తెలిసిన అక్క:

నాకు ముప్పై దాటాక తెలిసింది, మీ పాపకున్న రకమే. నేనూ ఎవరినీ ఇబ్బంది పెట్టని పిల్లనే. అందుకే ఒక్కటే చెప్పాలని వచ్చాను: పాపకు చెప్పండి.

చాలామంది తల్లిదండ్రులు పేరు చెబితే పిల్ల కుంగిపోతుందని దాస్తారు. పేరు చెప్పకపోతే పిల్ల ఖాళీగా ఉండదు, తనే ఒక పేరు పెట్టుకుంటుంది. నేను పెట్టుకున్న పేరు "మొద్దు". తరగతిలో మంచి మార్కులు వచ్చిన రోజున కూడా, ఎవరో ఒకరు నా అసలు సంగతి పట్టేస్తారని భయపడేదాన్ని. "ప్రయత్నిస్తే చేయగలవు" అన్నప్పుడల్లా, చేస్తున్నది ప్రయత్నమే కాదేమో అనిపించేది.

పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. నడుస్తూనో, బొమ్మ గీస్తూనో చెప్పండి. "నీకు నచ్చిన దాని మీద నీ మనసు గట్టిగా అతుక్కుంటుంది. నచ్చని పని మొదలుపెట్టడం, మధ్యలో వదలకుండా ఉండటం నీకు మిగతావాళ్లకంటే కష్టం. దానికి ఏడీహెచ్‌డీ అని పేరు. చాలామందికి ఉంది. నీ తప్పు కాదు. ఏం చేస్తే తేలికవుతుందో మనం కలిసి కనిపెడదాం." ఇంతే. తర్వాత తను అడిగినప్పుడల్లా ఇంకొంచెం. తన సంగతి ఇంకెవరికైనా చెప్పేముందు తనను అడగండి. బంధువులతో తను వింటుండగా మాట్లాడకండి. పక్క గదిలోంచి కూడా వినిపిస్తుంది. మనకు పాఠం వినపడదు కానీ మన గురించి గుసగుసలు ఒక్కటీ తప్పిపోవు.

ఆడపిల్లల్లో దీనితోపాటు ఆందోళన, దిగులు కూడా రావచ్చు, ముఖ్యంగా ఎదిగే వయసులో. "నేను దేనికీ పనికిరాను" అన్న మాట తరచుగా వినిపిస్తే చదువు సంగతి పక్కనపెట్టి ముందు డాక్టరుగారికి అది చెప్పండి.


ఇద్దరు పిల్లల నాన్న:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మీరు రాసిందంతా మా ఆవిడ, నేను కలిసి చదివాం. తను మధ్యలో ఆపి, అక్కగారు రాసిన "మొద్దు" దగ్గర చాలాసేపు ఏడ్చింది.

ఉదయం పద్ధతి మార్చాం. బట్టలు వరుసగా పరుస్తున్నాం, ఒకరమే దగ్గర కూర్చుంటున్నాం. అరుపులు లేకుండా బస్సెక్కిన రోజులూ ఉన్నాయి, కుదరని రోజులూ ఉన్నాయి. పాపకు విషయం చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే నా క్లాసులో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగింది. ఉండవచ్చు, వంద మంది పిల్లల్లో అయిదుగురి దాకా ఉంటారని డాక్టరుగారు చెప్పారు అన్నాను. చాలా సంతోషించింది. అంత సంతోషం నేను ఊహించలేదు.

రెండు సంగతులు మిగిలాయి. డాక్టరుగారు మందు మొదలుపెడదామంటున్నారు, మేమూ ఒప్పుకున్నాం. ఆమెకు పనికొచ్చేలా మేం ఏం గమనించి రాసుకోవాలి? పెద్దవాడి సంగతి ఇంకా తేలలేదు. వాడు ఏమీ అనడు, అదే మాకు బెంగ.


పదిహేడేళ్లవాడి అమ్మ:

మందు సంగతి ముందు. మొదలుపెట్టకముందే ఒక వారం రాయండి, లేకపోతే తర్వాత దేనితో పోలుస్తారు? మీ పాపకు కొలత మీ దగ్గరే ఉంది: సాక్సులు చేతికిచ్చినప్పటి నుంచి బస్సెక్కేదాకా ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. టీచరును కూడా ఒక్క సంగతే రాయమనండి, బోర్డు మీది పాఠం ఎంతవరకు రాసిందని. మందు మొదలయ్యాక వేసిన సమయం, మధ్యాహ్నం ఎంత తిన్నది, రాత్రి ఎప్పుడు నిద్రపట్టింది, సాయంత్రం మందు ప్రభావం తగ్గే వేళ చిరాకుపడుతోందా, ఇవి రాయండి. మధ్యాహ్నం ఆకలి తగ్గితే, ఉదయం మందుకు ముందే కడుపునిండా తినేలా వేళ సర్దుకోవచ్చు. తొలి వారాల్లో మోతాదు మారుతూ ఉంటుంది, కంగారుపడకండి. పాప మరీ మూగగా, ఉత్సాహమే లేనట్టు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఫోను చేయండి. సొంతంగా పెంచడం, తగ్గించడం మాత్రం చేయకండి.

పెద్దవాడికి కూడా ఏడీహెచ్‌డీ అంటే ఏమిటో చెప్పండి. చెల్లికి మినహాయింపులు ఎందుకో తెలియకపోతే అది వాడికి పక్షపాతంగానే కనిపిస్తుంది. చెల్లిని చూసుకునే బాధ్యత వాడి మీద పెట్టకండి, బడిలో ఆమె సంగతులు మోసుకొచ్చే పని అసలే వద్దు. రోజూ కొద్దిసేపు మీలో ఒకరు వాడితో మాత్రమే ఉండండి. వాడు బాగా చదివాడనో, మాట విన్నాడనో ఇచ్చే సమయం కాకూడదు. ఊరికే వాడిది. ఆ వేళ చెల్లి పిలిచినా రెండోవారు వెళ్లాలి, మీరు లేవకూడదు. వాడు అడిగిన ప్రశ్నకు మీరింకా జవాబివ్వలేదన్నారు. ఇవాళే ఇవ్వండి: "సాక్సులు వేసుకున్నా కూర్చుంటాను" అని చెప్పి, వాడి పక్కన కూర్చోండి.